జలుబు మామయ్య గొంతు

కూసింది కంప్యూటరు. ఒక్కసారే, పొట్టిగా, పని మధ్యలో పిలిస్తే విసుగ్గా ‘ఊఁ’ అన్నట్టు. ఒక్క కూత కూసిందంటే లోపల అంతా క్షేమమని అర్థం. ఇందాక మెమరీ ముక్కలు సరిగ్గా కూర్చోనప్పుడు ఆగకుండా కూసింది, పాలకేడ్చే పిల్లలా. వాటిని మళ్ళీ బొటనవేళ్ళతో అదిమి, రెండు చివర్లా ఉన్న గొళ్ళేలు టక్కుమని పడేదాకా వదల్లేదు నేను. ఇప్పుడు ఒక్క కూతే. ఇక మిగిలింది మాట్లాడటం. మాట్లాడవయ్యా మామయ్యా, ఎంతసేపు? పెట్టె లోపలి ఫ్యాను తిరుగుతోంది, ఆ గాలి నా మోకాలికి తగులుతోంది, గోడ అవతల మరదలి కుట్టుమిషను టకటకలాడుతోంది, వీధిలో ఎవరో బండి వెనక్కి తిప్పుకోలేక హారను మీద కోపం తీర్చుకుంటున్నారు. అన్నీ వినిపిస్తున్నాయి, నాకు కావలసింది తప్ప. సాయంత్రం తమ్ముడు ఇంటికి వచ్చేసరికి ఈ కంప్యూటరు మాట్లాడాలి. మాట్లాడకపోతే దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేసి, వాడు తెస్తున్న కొత్తదాని ముందు నేను బుద్ధిగా కూర్చోవాలి. పొద్దున ఒప్పుకున్నాను. నోరు జారానో, పంతానికి పోయానో, ఒప్పుకోవడమైతే ఒప్పుకున్నాను.

కళ్ళు కనబడవు నాకు. అది నాకు పాత సంగతి, కొత్తగా కలిసినవాళ్ళకే పెద్ద వార్త. చిన్నప్పుడు ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ చూపు కూడా పట్టుకుపోయింది. ఆ జ్వరంతో నాకిప్పుడు తగాదా ఏమీ లేదు, తగాదాలన్నీ కళ్ళున్నవాళ్ళతోనే. ఆసుపత్రి డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసిన మాటలు విని టైపు చేయడం నా ఉద్యోగం. చెవుల్లో డాక్టరు, కాలి కింద పెడలు. తొక్కితే ఆయన మాట్లాడతాడు, వదిలితే నోరు మూస్తాడు, ఈ సుఖం వాళ్ళ భార్యలకు కూడా లేదు. గుండె డాక్టరు ఎప్పుడూ ఏదో నములుతూ చెబుతాడు, ఎడమ గది వాచిందో కుడి గది వాచిందో ఆ నమలడంలో వెతుక్కోవాలి. ఎముకల డాక్టరమ్మ కామా పెట్టాల్సిన చోటల్లా ‘కామా’ అని అరుస్తుంది, రోగి పేరు మాత్రం గొణుగుతుంది. నేను కొట్టినదాన్ని తిరిగి నాకు చదివి వినిపించేది జలుబు మామయ్య. కంప్యూటరు లోపల ఒక మాట కార్డు ఉంది, తెర మీదికి వెళ్ళే అక్షరాలను గొంతుగా మార్చడం దాని పని. ఆ గొంతు ముక్కులోంచి వస్తుంది, పడిశం పట్టి పది రోజులైనా వైద్యుడి దగ్గరికి వెళ్ళని మొండివాడి గొంతు. మేనకోడలు పలక పట్టే వయసులో పెట్టిన పేరది, ‘అత్తా, నీ పెట్టెలో జలుబు మామయ్య ఉన్నాడు’ అని. ఆ కార్డు చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. దాన్ని గుర్తుపట్టేది ఈ పాత సిస్టమ్ ఒక్కటే, తర్వాత వచ్చిన సిస్టమ్‌లన్నీ దాన్ని చూసి ఎవరు నువ్వు అంటాయి. అందుకే నా దగ్గర పాత సిస్టమే ఉంది, ఉంటుంది. నేను వినే వేగంలో మామయ్య చదువుతుంటే పక్కనున్నవాళ్ళకు గింజలు వేయిస్తున్న చప్పుడులా ఉంటుందట. ఉండనీ. చుట్టూ ఇంతమంది ఉన్న ఇంట్లో, పక్కనుంచి ఎవరూ తొంగి చూడలేని చదువు నాకొక్కదానికే ఉంది. నా ఉత్తరాలు నాకే, డాక్టర్ల పిచ్చి మాటలు నాకే.

ఇంకా పలకడం లేదు. కాస్త ఓపిక పట్టు, కొత్త డిస్కు కదా, కొత్త ఇంట్లో దీపం స్విచ్చి వెతుక్కున్నట్టు ఏదో వెతుక్కుంటూ ఉంటుంది. కొత్త డిస్కు... అసలు ఇంత గొడవా డిస్కుతోనే. పాతది కొద్దిరోజులుగా కిటుక్కు కిటుక్కుమంటోంది. రికార్డింగులు ఈమధ్య బరువెక్కిపోయాయి, ఒక్కొక్కటీ తెరవడానికి కంప్యూటరు మూలుగుతోంది, మామయ్య వాక్యం మధ్యలో ఆగిపోయి, గుటక మింగి, మళ్ళీ అందుకుంటున్నాడు. ఆసుపత్రి ఆఫీసులో కూర్చునే సూపర్వైజరమ్మ ఫోను చేసి, ‘మీ పని తప్పు లేకుండా ఉంటుందండీ, కానీ ఆలస్యంగా ఉంటోంది’ అంది, పొగుడుతున్నట్టే పొడిచింది. సరే, డిస్కు మారుద్దాం, మెమరీ పెంచుదాం, సిస్టమ్ జోలికి పోకుండా ఒళ్ళు మాత్రం కొత్తది చేద్దాం అనుకున్నాను. అన్నం తింటూ ఆ మాటే తమ్ముడితో అన్నాను. వాడు ‘ఎవరు మారుస్తారు?’ అన్నాడు. ‘నేను’ అన్నాను. ‘నువ్వా?’ అన్నాడు. వాడికి ఆ మాటలో ఏమీ లేదు. నాకు ఆ రెండక్షరాలూ గొంతులో ముద్దకు అడ్డం పడ్డాయి.

వాడు మంచివాడు, అదే నా కష్టం. చెడ్డవాడైతే ఎప్పుడో కడిగేసేదాన్ని. అమ్మ పోయాక నన్ను ఇంట్లో పెట్టుకున్నానని వాడెప్పుడూ అనలేదు, అనకుండా ఉండటం ఎంత బరువుగా ఉంటుందో వాడికి తెలియదు. ఈ ఇంటి అద్దెలో సగం నాది, కరెంటులో సగం నాది, అయినా వచ్చినవాళ్ళు వాడి వైపు తిరిగి ‘ఆవిడ టీ తాగుతారా?’ అని అడుగుతారు. బ్యాంకులో అడుగుతారు, బట్టల షాపులో అడుగుతారు, నా పన్ను పీకిన డాక్టరు కూడా నా నోట్లో చెయ్యి పెట్టి వాణ్ణే అడిగాడు, ‘నొప్పిగా ఉందంటారా?’ అని. కొరికాను. పొరపాటున పడిందనుకున్నారు. తమ్ముడికి మాత్రం తెలుసు, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నవ్వాడు, నేనూ నవ్వాను, దూది నోట్లోనే ఉంది. అలాంటివాడు ఈ కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి ఎందుకో పెద్దరికం తలకెక్కించుకుంటాడు. పోయిన నెల వాళ్ళ ఆఫీసులోది ఒకటి తెచ్చి చూపించాడు, మొత్తం అద్దమేనట, తాకితే పనిచేస్తుందట. తాకాను. నున్నగా, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క గీత లేదు, ఒక్క మిట్ట లేదు. కిటికీ అద్దం తుడుస్తున్నట్టుంది తప్ప ఎక్కడ ఏముందో తెలిస్తే ఒట్టు. మధ్యలో ఎక్కడో వేలు తగిలినట్టుంది, దేనికో అవునని చెప్పేశాను, దేనికో ఇప్పటికీ తెలియదు. ఇక దాని గొంతు! తేనె పూసిన గొంతు, ఆడగొంతు, ప్రతి వాక్యం చివరా చిన్న చిరునవ్వు. పరీక్షకని ఒక పాత రిపోర్టు చదివించాను. ‘రోగి ఈ ఉదయం మరణించారు’ అని, లోపలికి దయచేయండి అన్నట్టు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మామయ్య అదే వాక్యాన్ని ముక్కుతో, ఏడుపూ లేకుండా నవ్వూ లేకుండా చదువుతాడు. ఏడవాలో వద్దో నాకు వదిలేస్తాడు.

పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ అన్నాడు. “అక్కా, మాటంటే మాటే. నాకు జీతం పెరిగిన సంగతి తెలుసుగా, ఇవాళ కొత్తది కొనేస్తున్నాను. నువ్వు ఆ పెట్టె విప్పి మళ్ళీ బిగించి, నేనొచ్చేసరికి దాని చేత మాట్లాడిస్తే, సరే, కొత్తది నా కూతురికిచ్చేస్తాను. లేదనుకో, పాతది బయటికి. మళ్ళీ సన్నాయి నొక్కులు నొక్కకూడదు.”

“నొక్కను.”

“ఎవరి సాయం తీసుకోకూడదు.”

“ఇచ్చేవాళ్ళుంటే కదా” అన్నాను. లోపల్నుంచి మరదలు “నేనున్నాను వదినా” అంది. “నువ్వు కుట్టుకో తల్లీ” అన్నాను. అలా పడింది పందెం. పడ్డాక మొహం కడుక్కుంటుంటే అనిపించింది, పందెంలో వాడేం ఒడ్డాడు? వాడు గెలిస్తే నాది పోతుంది, నేను గెలిస్తే నాది నాకుంటుంది. ఇందులో వాడిది ఏది? అనిపించింది కానీ అప్పటికే వాడి బండి సందు చివర మలుపు తిరిగేసింది.

ఈ డిస్కు చప్పుడు చేయదు. అదీ అసలు చిక్కు. ఇప్పుడు తెలిసింది. పాత డిస్కు లోపల తిరిగే బిళ్ళ ఉండేది, స్విచ్చి వేయగానే గొంతు సవరించుకుని, కాసేపు గరగరమని నమిలి, ఆగి, మళ్ళీ వడివడిగా గీకి, చివర్న రెండుసార్లు నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు అవగానే మామయ్య అందుకునేవాడు. వంటింట్లో పాలు ఎంతవరకు కాగాయో చప్పుడును బట్టి చెప్పినట్టు, కంప్యూటరు ఎంతవరకు లేచిందో నేను చెప్పగలిగేదాన్ని. కొత్తదానిలో తిరిగేదేమీ లేదు. నిన్న షాపాయన అరచేతిలో పెడితే అట్టముక్కంత బరువే ఉంది, ‘ఇది అస్సలు చప్పుడు చెయ్యదు మేడమ్’ అని గొప్పగా చెప్పాడు. అదేదో గొప్పే అనుకున్నాను నేనూ. నా కళ్ళు నేనే చేతులారా తీసి కౌంటరు మీద పెట్టొచ్చాను. ఇప్పుడు ఇది సగం లేచి ఆగిందా, అసలు లేవలేదా, లేచి కూర్చుని నన్నే చూస్తోందా, ఏమీ తెలియదు. ఇన్నేళ్ళలో ఈ బల్ల ముందు నేను గుడ్డిదాన్ని కావడం ఇదే మొదలు. ఆ షాపాయనతో అయితే పెద్ద యుద్ధమే చేశాను. పాతదానిలో ఉన్నదంతా కొత్తదానిలోకి అచ్చు గుద్దినట్టు దింపి ఇవ్వమంటే, “ఇంత పాత సిస్టమ్ ఎందుకు మేడమ్, కొత్తది వేసేస్తాను, అదే మాట్లాడుతుంది” అన్నాడు. వద్దన్నాను. “సేఫ్ కాదు మేడమ్, వైరస్‌లొస్తాయి” అన్నాడు. “దానికి నెట్టే లేదయ్యా, రికార్డింగులు పెన్‌డ్రైవులో వస్తాయి, ఊళ్ళో సంగతులు దానికక్కర్లేదు” అన్నాను. “మీతో ఎవరైనా వచ్చారా?” అన్నాడు. అదిగో, మళ్ళీ. “నా చెవులు వచ్చాయి, నువ్వు చెప్పు” అన్నాను. నోరు మూసుకుని దింపి ఇచ్చాడు. పని శుభ్రంగా చేశాడు, ఆ మాట చెప్పాలి.

కుట్టుమిషను ఆగింది. గజ్జెలు లేని అడుగులు, అరికాలు నేలకు అంటుకుని విడుతున్న చప్పుడు, మరదలు. గుమ్మంలో నిలబడింది, మిషనుకు వేసే నూనె వాసన.

“వదినా, మాట్లాడలేదా ఇంకా?”

“మాట్లాడితే నీకు వినబడేది కదా.”

“ఆయనకు చెప్పన్లే. ఒక్కసారి తెర మీద ఏముందో చూసి చెప్తాను. చూడటం సాయం కిందికి రాదు.” వంగింది, బల్ల చుట్టూ తిరిగింది, వెనక్కి వెళ్ళింది, ముందుకు వచ్చింది. “తెర ఏది వదినా?”

తెర లేదు. నాకెందుకు తెర? బల్ల మీద సగం చోటు తినేస్తోందని ఎప్పుడో పక్కింటి కుర్రాడికి ఇచ్చేశాను, ఆ కుటుంబం ఇల్లు మారుతూ సామానుతో పాటు దాన్నీ పట్టుకుపోయింది. ఇన్నేళ్ళుగా ఈ గదిలో తుడుస్తూ, ఊడుస్తూ, నాకు కాఫీ తెచ్చిస్తూ, ఇక్కడ తెర లేదని ఈవిడ ఇవాళ చూసింది. ఆ మాటే అన్నాను. “అయ్యో, నిజమే” అని నవ్వడం మొదలుపెట్టింది, నాకూ నవ్వొచ్చింది, ఇద్దరం పెట్టె ముందు కూర్చుని, ఒకదానికి కళ్ళున్నాయి చూడటానికేమీ లేదు, ఒకదానికి చెవులున్నాయి వినడానికేమీ లేదు. “ఇవి రేపటికివ్వాలి, ఇంకా కాజాలు కుట్టలేదు” అంటూ వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా భుజం నొక్కింది. ఆ నొక్కడంలో ‘పోనీలే వదినా’ ఉంది. పోనివ్వను.

మిషను మళ్ళీ మొదలైంది. నాన్న కొట్టు ఇలాగే ఉండేది, ఎప్పుడూ ఏదో ఒకటి టకటకలాడుతూ. ఆయన టైపుమిషన్లు బాగుచేసేవాడు. స్కూల్లో హెడ్మిస్ట్రెస్సు అమ్మను పిలిపించి, ‘ఈ పిల్ల చేతులు చురుగ్గా ఉన్నాయి, బుట్టలు అల్లడంలో పెడదాం’ అంటే, నేను అల్లిన మొదటి బుట్టను కాలితో తొక్కి ఇంటికొచ్చేశాను, నాన్న కొట్టలేదు, తిట్టలేదు, మర్నాడు కొట్టుకు తీసుకెళ్ళి విప్పదీసిన మిషను ఒకటి ముందు పెట్టాడు. ఆయనకు మాటలు తక్కువ. నా చేతిలో స్క్రూడ్రైవరు పెట్టి ‘ఆగిన చోట ఆగు, ఇంకా తిప్పితే మరలు చస్తాయి’ అనేవాడు, అంతే, ఆరోజుకు పాఠం అయిపోయేది. వచ్చిన గిరాకీలు ‘కనబడని పిల్ల చేత చేయిస్తున్నారేంటండీ’ అంటే, ‘అయితే పక్క కొట్టుకు తీసుకెళ్ళండి’ అనేవాడు. పక్క కొట్టు లేదు. మరలు చస్తాయి... ఇవాళ మాట కార్డు విప్పి, దుమ్ము ఊది, మళ్ళీ పెడుతుంటే దాని మర అలాగే చచ్చి ఉంది, ఎంత తిప్పినా జారిపోతోంది, కార్డు చంటిపిల్ల పన్నులా ఊగుతోంది. అందుకని పెట్టెలోనే పక్కనున్న ఖాళీ సందులోకి మార్చి, అక్కడ గట్టిగా బిగించాను. మంచి పని చేశాను. ఊగే పన్నుతో ఎవరు మాట్లాడగలరు?

ఊరికే కూర్చుంటే ఏమొస్తుంది. ఇది బతికుందో లేదో తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ముందున్న స్విచ్చిని పట్టి ఉంచకుండా, తలుపు తట్టినట్టు ఒక్కసారి తడితే, సిస్టమ్ లేచి ఉన్నట్టయితే దుకాణం సర్దుకుని తనే ఆరిపోతుంది. లేవకుండా మధ్యలో ఎక్కడో చచ్చి ఉంటే పట్టించుకోదు, ఫ్యాను అలా తిరుగుతూనే ఉంటుంది. తడతానా? ఆరకపోతే? ఆరకపోతే తెలుస్తుంది, తెలియకపోవడం కంటే నయం. తట్టాను. ఫ్యాను తిరుగుతోంది. మోకాలి మీద గాలి. తిరుగుతోంది. డాక్టర్లు గుండె ఆగిందని ఎలా చెబుతారో నాకు తెలుసు, వందసార్లు టైపు చేశాను, నమలడం ఆపి చెబుతాడు ఆయన ఆ ఒక్క వాక్యం. తిరుగుతోంది. ఇంకా తిరుగుతోంది, ఇక దీన్ని... ఆగింది. ఆగిపోయింది. గాలి లేదు. గదిలో ఉన్నట్టుండి కుట్టుమిషను పెద్దదైపోయింది. బతికే ఉంది! ఆరిపోయిందంటే బతికుందన్నమాట, నిక్షేపంలా లేచి కూర్చుని ఉంది ఇంతసేపూ. మెమరీ బాగుంది, డిస్కు బాగుంది, నా చేతులు బాగున్నాయి. బల్ల మీద అరచేత్తో ఒక్కటి వేశాను, పెన్‌డ్రైవు ఎగిరి ఎక్కడో పడింది, పడనీ.

మళ్ళీ స్విచ్చి వేశాను. ఒక్క కూత. మరి లేచినవాడు మాట్లాడడేం? సిస్టమ్ లేచేటప్పుడు వాయించే రాగం ఉంటుంది, డాక్టర్ల గొంతుకు అడ్డం వస్తోందని ఆ రాగాలన్నీ నేనే ఎప్పుడో తీసేశాను, అందుకే హెడ్‌ఫోనులోనూ నిశ్శబ్దమే. మిగిలింది మామయ్య ఒక్కడే. మామయ్య గొంతు కార్డులో ఉంది, కార్డు దాని చోట్లో... చోట్లో లేదు. పక్క సందులో ఉంది. అమ్మ నా బుర్రా! ఈ పాత సిస్టమ్ సంగతి నాకు తెలియనిదా, ఒక సందులోంచి తీసి ఇంకో సందులో పెడితే అదే కార్డును కొత్త చుట్టం వచ్చాడనుకుంటుంది, ఎవరు మీరు, ఏ ఊరు, లోపలికి రానివ్వనా అని ఒక చిన్న కిటికీ తెరిచి వరసగా ప్రశ్నలు అడుగుతుంది. అడుగుతూ ఉండి ఉంటుంది, ఇందాకటి నుంచీ. తెర మీద రాసి పెట్టుకుని, జవాబు కోసం, తెర లేని బల్ల మీద. ఆ ప్రశ్నలు నాకు చదివి చెప్పాల్సిన నోరేమో ఆ ప్రశ్నలు ఎవరి గురించైతే అడుగుతోందో ఆయనదే. ఆయన్ను లోపలికి రానిస్తే కానీ ఆయన చెప్పలేడు, ఆయన చెబితే కానీ నేను రానివ్వలేను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకే చోట ఇరుక్కుని దగ్గొచ్చింది.

బండి. సందు మలుపులో వేగం తగ్గించి, గుంత దగ్గర పక్కకు తిప్పి, ఇంటి ముందు ఆపి, స్టాండు వేయడానికి అలవాటుగా రెండుసార్లు తన్నింది వాడే. ఇవాళ అడుగులు బరువుగా ఉన్నాయి, చేతుల్లో పెట్టె ఉంది, అట్టపెట్టె గడపకు రాసుకున్న చప్పుడు. నా వేళ్ళు అప్పటికే మీటల మీద ఉన్నాయి.

“అక్కా” అన్నాడు గది గుమ్మంలోంచి. వాడికి వినబడుతోంది, ఏమీ వినబడకపోవడం.

“నువ్వింకా బూట్లు విప్పలేదు” అన్నాను. “బూట్లు విప్పేదాకా ఇంటికి వచ్చినట్టు కాదు.”

“కాదులే” అన్నాడు. అట్టపెట్టె కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేసు మొదలుపెట్టాడు. పొద్దున చిటికెలో కట్టుకున్న లేసు. ముడి ఎక్కడుందో వెతుకుతున్నాడు, లాగుతున్నాడు, ఆపుతున్నాడు, మళ్ళీ ముడి వేస్తున్నాడు వెధవ, విప్పిన ముడిని మళ్ళీ వేస్తున్నాడు, నాకు వినబడదనుకుంటున్నాడు. చిన్నప్పుడు పరుగు పందెంలో కూడా ఇలాగే చేసేవాడు, చివర్లో కాలు మడత పడిందని కూర్చునేవాడు, నేను వెళ్ళి గోడ ముట్టుకుంటే చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పట్లు నాకు ఎంత అసహ్యమో వాడికెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది. ప్రేమే, కాదనను, వాడికి నేనంటే ప్రాణం. కానీ ఆ లేసు చప్పుడు వింటుంటే తెలిసింది, నాది నాకు దక్కడానికి వీడు కాలు మడతపెట్టాలా? వీడు దయతలచి ఇంకో నిమిషం ఇస్తే నేను గెలవాలా? గెలిస్తే ఏమిటి, నా గొంతును నేను బహుమతిగా తీసుకుని సంతోషించాలా?

“ఒరేయ్, విప్పు” అన్నాను.

“విప్పుతున్నాను కదక్కా, ముడి పడింది.”

“పడలేదు, వేస్తున్నావు. విప్పు, రెండూ.”

ఒక బూటు విప్పాడు, తర్వాత ఇంకో బూటు. నేల మీద పెట్టాడు, మెల్లగా. కుట్టుమిషను కూడా ఆగింది, మరదలు అవతల చెవి ఒగ్గి వింటున్నట్టుంది.

“ఓడిపోయాను” అన్నాను. “ఇవ్వను.”

“అదేంటక్కా! పొద్దున మాటిచ్చావు.”

“ఇచ్చాను. వెనక్కి తీసుకుంటున్నాను. అడ్డమైన మాట అది, నేనివ్వకూడదు, నువ్వడక్కూడదు. ఇది పనిచేసినా నాదే, పనిచేయకపోయినా నాదే. రేపు పూర్తిగా చచ్చిపోతే దీని మీద గుడ్డ కప్పి కుండీ పెట్టుకుంటాను, అప్పుడూ నాదే. నీ బండి రోజుకోసారి ఆగిపోతుంది, దాన్ని అమ్మనా ఉంచనా అని నేనెప్పుడైనా పందెం కాశానా నీతో?”

వాడు ఏదో అనబోయాడు. అది నాకు తెలుసు, నోరు తెరిచేముందు వాడి ముక్కు ఒకసారి ఈలేస్తుంది. “కష్టపడుతున్నావని కదక్కా...” అన్నాడు చిన్నగా.

“కష్టపడనీ. నా పని నేను కష్టపడి చేసుకుంటుంటే చూడలేకపోవడం నీ కష్టం, దానికి నేను కొత్త కంప్యూటరు కొనుక్కోలేను.” చాలా గట్టిగా అన్నాననుకుంటా. వాడు బాధపడ్డాడు. పడనీ, ఒక్కపూట పడనీ. “ఇప్పుడు ఇద్దరూ కదలకుండా కూర్చోండి. నాకు వినాలి.”

మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు, ఈ కార్డును మొదట పెట్టిన రోజున నా పక్కన కూర్చుని ఒక స్నేహితురాలు చదివి చెప్పింది, ఆ తర్వాత ఆమె ఏ ఊళ్ళో ఉందో కూడా తెలియదు కానీ ఆ ప్రశ్నలు నా వేళ్ళలోనే ఉండిపోయాయి. నెట్టులో వెతకనా అంటుంది. వద్దు. బాణం మీట, కిందికి, చివరిదాకా, ఎంటర్. ఆగాను. కొత్త డిస్కు చప్పుడు చేయదు, ఎంతసేపు ఆగాలో అది చెప్పదు, నేనే చెప్పుకోవాలి. నువ్వే చూసుకుంటావా, నన్ను చూసుకోమంటావా అంటుంది. నువ్వే చూసుకో, అన్నీ నీ పొట్టలోనే ఉన్నాయి. ఎంటర్. ఇది వెతుకుతోంది, వెతుకు, ఆయన ఇక్కడివాడే, నీతో పాటే ముసలివాడయ్యాడు, ఒక సందు పక్కకు జరిగాడు, అంతే. తమ్ముడు ఊపిరి పీలుస్తున్నాడు, నేను పీల్చడం లేదు. తప్పు చోట నొక్కానా? నొక్కితే మళ్ళీ ఆర్పి మళ్ళీ మొదలుపెడతాను, ఇవాళ కాకపోతే రేపు, రేపు విప్పి పాత సందులోనే దారం కట్టి కూర్చోబెడతాను, ఎవరాపుతారు? ముగించనా అంటుంది చివర్న. ముగించు. ఎంటర్. ఇక చదివే ప్రోగ్రామును లేపాలి, కంట్రోలు, ఆల్టు, పక్కన అక్షరం, మూడూ కలిపి నొక్కి పట్టి వదిలాను. ఏమీ లేదు. ఏమీ లేదు. వీధిలో ఆ బండివాడికి దారి దొరికినట్టుంది, హారను ఆగింది. ఏమీ...

చీదినట్టు ఒక చిన్న చప్పుడు, తర్వాత ముక్కులోంచి, గింజలు వేయించినట్టు, ఒక్క ఊపిరిలో, నేను పెట్టిన వేగంలోనే, నా బల్ల మీద ఏ ఫైళ్ళు ఉన్నాయో, ఏ డాక్టరుది ఎంత మిగిలిందో గడగడా చదువుకుంటూ పోతున్నాడు మామయ్య. మధ్యలో ఎక్కడా ఆగలేదు, గుటక మింగలేదు. ఇంత వేగంగా ఆయన మాట్లాడి ఎన్నాళ్ళయింది! చెంపలు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు, చూస్తే చూడనీ.

“మాట్లాడింది!” తమ్ముడు లేచి నిలబడ్డాడు. “అక్కా, మాట్లాడింది కదా! ఇదిగో చూడు, నేనింకా సాక్సు విప్పనేలేదు. సాక్సు కూడా లెక్కే. నువ్వే గెలిచావు!”

“లేదురా” అన్నాను. “ఓడిపోయాను, అయినా ఉంచుకున్నాను. రేపు ఎవరైనా అడిగితే అలాగే చెప్పు.”